ఫర్కిన్ అంటే ఎంత? ముందు లోపల ఏముందో చెప్పండి

యోహాను సువార్త రెండో అధ్యాయంలో కానా అనే ఊళ్లో పెళ్లి జరుగుతుంటుంది. విందు మధ్యలో ద్రాక్షారసం అయిపోతుంది. అక్కడున్న నీళ్ల బానల గురించి మన తెలుగు బైబిలు "రెండేసి మూడేసి తూములు పట్టు ఆరు రాతిబానలు" అంటుంది. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిల్లో ఇదే వాక్యం తీసి చూస్తే, తూములు ఉండాల్సిన చోట 'ఫర్కిన్లు' ఉంటాయి.

తూము అంటే ఈ తరం తెలుగువాళ్లకు చెరువు తూమే గుర్తొస్తుంది. నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి అన్న లెక్క ధాన్యం కొలిచిన పాతతరానికే తెలుసు. ఇంగ్లిష్ పాఠకుల పరిస్థితీ అంతే. ఫర్కిన్ అనగానే ఏదో చెక్క పీపా అని లీలగా తోస్తుందే తప్ప, అది ఎంత పెద్దదో చాలామంది చెప్పలేరు. అందుకే ఇప్పటి ఇంగ్లిష్ బైబిళ్లు చాలావరకు ఆ మాట తీసేసి 'ఇరవై ముప్పై గ్యాలన్లు' అని రాసేస్తున్నాయి.

పోనీ డిక్షనరీ చూద్దామా అంటే అక్కడ ఇంకో చిక్కు. ఫర్కిన్ అంటే చిన్న చెక్క పీపా అని ఒక అర్థం. పెద్ద పీపాలో నాలుగో వంతు అని రెండోది. 56 పౌండ్ల వెన్న అని మూడోది. మొదటిది వస్తువు, రెండోది ద్రవాల కొలత, మూడోది బరువు. మూడూ సరైనవే. ఒకే మాట వస్తువూ, కొలతా, బరువూ ఎలా అయిందన్నది మాత్రం డిక్షనరీలో దొరకదు.

మన బస్తాను తలుచుకుంటే ఇది సగం విడిపోతుంది. కోస్తా జిల్లాల్లో ఎకరాకు ముప్పై అయిదు బస్తాలు పండాయని రైతు అంటే అవి 75 కిలోల ధాన్యం బస్తాలని వినేవాడికి తెలుసు. సిమెంటు బస్తా అంటే 50 కిలోలు. యూరియా బస్తా కూడా మొన్నమొన్నటి దాకా యాభయ్యే, ఇప్పుడు 45. బస్తా ఎంత అని ఉత్తినే అడిగితే జవాబు లేదు. దేని బస్తా అని అడగాలి. ఫర్కిన్ కూడా సరిగ్గా అలాంటిదే. పాత ఇంగ్లిష్ రాతల్లో ఆ మాట తగిలినప్పుడు జనం నేరుగా గ్యాలన్ల లెక్క వెతకడం మొదలుపెడతారు, తప్పు అక్కడే జరుగుతుంది. ముందు వెతకాల్సింది లోపల ఏముందన్నది.

ఈ మాట ఇంగ్లిషుది కాదు. మధ్యయుగాల డచ్చి భాషలో నాలుగో వంతుకు ఉన్న మాటకు, చిన్నదని చెప్పే తోక ఒకటి కలిస్తే పుట్టింది. మన లెక్కలో చెప్పాలంటే 'పావు పీపా'. 14వ శతాబ్దం చివరినాటికే ఇంగ్లాండు రాతల్లో కనిపిస్తుంది. ఉత్తర సముద్రం అవతలి నుంచి సరుకులు పీపాల్లో వచ్చేవి, పీపాల పేర్లూ వాటి వెంటే వచ్చాయి. అర పీపాకు ఇంగ్లిషులో 'కిల్డర్కిన్' అని పేరు, అదీ డచ్చి నుంచి వచ్చిందే.

పావు అన్నాక, దేనిలో పావు అన్న ప్రశ్న వస్తుంది. అసలు పీపా ఎంతుంటే అందులో పావు. ఇంగ్లాండులో ఆ అసలు పీపాయే ఒక్క సైజులో లేదు.

ఇప్పుడు ఏల్, బీర్ అనే రెండు మాటలను ఒకే అర్థంలో వాడేస్తున్నారు గానీ అప్పట్లో అవి వేరువేరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని ఉడికించి పులియబెడితే ఏల్. అందులో హాప్స్ అనే తీగ మొక్క పూలు వేస్తే బీర్. హాప్స్ చేదు ఇస్తాయి, అంతకన్నా ముఖ్యంగా సరుకు త్వరగా చెడిపోకుండా కాపాడతాయి. హాప్స్ వేసే అలవాటు కూడా ఆ డచ్చి ప్రాంతాల నుంచే, 15వ శతాబ్దంలో ఇంగ్లాండులో గట్టిగా పాతుకుపోయింది. పాత ఏల్ కాచేవాళ్లు ఒక వర్గం, కొత్త బీర్ కాచేవాళ్లు ఇంకో వర్గం. ఎవరి పీపా వాళ్లది.

ఎనిమిదో హెన్రీ కాలంలో, 1531లో వచ్చిన చట్టం ఈ తేడాను అలాగే ఉంచి ముద్ర వేసింది. బీర్ పీపా 36 గ్యాలన్లు, ఏల్ పీపా 32 గ్యాలన్లు. కాబట్టి బీర్ ఫర్కిన్ 9 గ్యాలన్లు, ఏల్ ఫర్కిన్ 8. ఒకే వీధిలో, ఒకే పేరుతో రెండు కొలతలన్నమాట. 1688లో లండన్ బయటి ఊళ్లకు రెండింటికీ కలిపి 34 గ్యాలన్ల పీపా పెట్టారు. అక్కడ ఫర్కిన్ ఎనిమిదిన్నర గ్యాలన్లయింది. చివరికి 1803లో ఏల్ అయినా బీర్ అయినా 36 అని తేల్చారు. అప్పటి నుంచి ఫర్కిన్ అంటే 9 గ్యాలన్లే.

గ్యాలన్ అయినా ఒక్కటే ఉందా అంటే, లేదు. ద్రాక్షసారాకు ఒక గ్యాలన్, ఏల్‌కు అంతకంటే పెద్దదైన ఇంకో గ్యాలన్ నడిచేవి. 1824 చట్టం పాతవన్నీ పక్కన పెట్టి, 10 పౌండ్ల నీళ్లు పట్టేది ఒక గ్యాలన్ అని కొత్తగా నిర్ణయించింది. అది మన లెక్కలో సుమారు 4.55 లీటర్లు. అమెరికా అప్పటికే విడిపోయింది కాబట్టి పాత ద్రాక్షసారా గ్యాలన్‌తోనే ఉండిపోయింది. 3.785 లీటర్ల ఆ గ్యాలన్‌తోనే అక్కడి మనవాళ్లు ఈరోజుకీ పెట్రోలు కొట్టించుకుంటున్నారు.

ఇంత గందరగోళాన్ని రాజ్యం ఎందుకు భరించిందో అర్థం కావాలంటే పీపా చేసిన పనేమిటో చూడాలి. అప్పట్లో పీపాలో పోసి, తర్వాత కొలిచి అమ్మడం ఉండేది కాదు. పీపాయే కొలపాత్ర. పన్ను వేసే అధికారికైనా, కొనే దుకాణదారుడికైనా, ఓడలోకి ఎక్కించుకునే సరంగుకైనా పీపాలు లెక్కపెట్టడమే కొలవడం. అలాంటప్పుడు పీపా చేసేవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో ఆలోచించండి. పలక ఒక్క పిసరు మందం పెంచితే బయటికి అదే పీపా, లోపల సరుకు తక్కువ. బీరు కాచేవాడే పీపా కూడా చేసుకుంటే ఇక అడిగేవాడు ఉండడు. అందుకే ఆ 1531 చట్టం బీరు కాచేవాళ్లు పీపాలు చేయడానికి వీల్లేదంది. పీపా చేసినవాడు దానిమీద తన గుర్తు వేయాలంది. లండన్‌లో పీపాలు చేసేవాళ్ల సంఘానికి అప్పటికే రాజపత్రం ఉంది, 1501 నాటిది. పీపాలను కొలిచి, ముద్ర వేసే పని ఆ సంఘం పెద్దలు చూసేవారు.

ఏల్, బీర్ సంగతి అలా ఉంటే, వెన్న దగ్గరికొచ్చేసరికి ఫర్కిన్ పూర్తిగా రూపం మార్చుకుంది. వెన్నను గ్యాలన్లలో ఎవరూ కొనరు, తూకం వేసి కొంటారు. కాబట్టి వెన్న ఫర్కిన్ అంటే 56 పౌండ్లు, అంటే పాతిక కిలోల పైచిలుకు. సబ్బు ఫర్కిన్ అయితే 64 పౌండ్లు. చట్టాలు ఏమన్నా, వెన్న ఫర్కిన్ అసలు బతుకు చూడాలంటే ఐర్లాండులోని కార్క్ నగరానికి వెళ్లాలి.

1769లో కార్క్ వ్యాపారులు ఒక కమిటీగా ఏర్పడి వెన్న బజారును తమ చేతిలోకి తీసుకున్నారు. కొద్దికాలానికే అది ప్రపంచంలోనే అతిపెద్ద వెన్న బజారయింది. పక్కనున్న కెర్రీ జిల్లా కొండల నుంచి రైతులు గుర్రాల మీద, బండ్ల మీద ఫర్కిన్లు వేసుకుని వచ్చేవారు. వాళ్లు నడిచిన దారులను ఇప్పటికీ వెన్న దారులనే పిలుస్తారు. ఇక్కడి నుంచి వెన్న బ్రిటిష్ నౌకాదళానికీ, పోర్చుగల్‌కూ, వెస్టిండీస్‌కూ పోయేది. ఫ్రిజ్ లేని రోజుల్లో ఉష్ణమండలం దాకా వెన్న పంపాలంటే బాగా ఉప్పు దట్టించాలి, గాలి చొరకుండా పీపాలో కూరాలి.

బజారులో పరీక్ష చేసేవాడి దగ్గర పొడవాటి బోలు ఇనుప పుల్ల ఉండేది. దాన్ని పీపాలోకి అడుగు దాకా దించి, తిప్పి, పైకి లాగితే పై నుంచి కింది వరకు వెన్న సన్నటి కడ్డీలా వచ్చేది. పైన మంచి వెన్న, అడుగున పనికిరానిది కూరి తెచ్చినవాడు అక్కడే దొరికిపోయేవాడు. వాసన, రుచి, రంగు చూసి తరగతి నిర్ణయించేవారు. ఆ తరగతి ముద్ర పీపా మీదే పడేది. ఎక్కడో వెస్టిండీస్‌లో కొనేవాడు మూత తీయకుండానే ముద్ర చూసి ధర కట్టగలిగాడంటే కారణం ఈ పరీక్షే.

ఇక తూకం. వెన్నతో కలిపి తూచాక ఖాళీ పీపా బరువు తీసేయాలి. చెక్క ఎండితే తేలిక, నీళ్లు పీలిస్తే బరువు. ఎండిన పీపా బరువు రాయించుకుని, తర్వాత దాన్ని తడిపి వెన్న కూరితే ఆ తడి కూడా వెన్న ధరకు అమ్ముడుపోతుంది. అందుకే ఖాళీ పీపాలను కడిగి, తూచడానికి ఒక ప్రత్యేక స్థలం కావాల్సివచ్చింది. 1855లో బజారు పక్కనే గుండ్రటి భవనం ఒకటి కట్టారు. పేరు ఫర్కిన్ క్రేన్. బజారు 1924లో మూతపడింది. డెన్మార్క్ వెన్న, మార్గరిన్ అనే కృత్రిమ వెన్న వచ్చాక ఉప్పుదట్టిన పీపా వెన్నను అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఫర్కిన్ క్రేన్ మాత్రం ఇంకా ఉంది. అదిప్పుడు నాట్యశాల.

ఫర్కిన్‌కు పైన ఒక పెద్ద కుటుంబమే ఉంది. బీరు లెక్కలో రెండు ఫర్కిన్లు ఒక కిల్డర్కిన్, రెండు కిల్డర్కిన్లు ఒక బారెల్, ఒకటిన్నర బారెల్ ఒక హాగ్స్‌హెడ్. ద్రాక్షసారా లెక్క మళ్లీ వేరు. అక్కడ అన్నిటికంటే పెద్దది 'టన్', 252 గ్యాలన్లు. ఓడలో ఎన్ని టన్‌లు పడతాయన్న లెక్కే తర్వాత ఓడల టన్నేజీ అయింది, మనం సిమెంటుకూ చెరకుకూ వాడే టన్ను కూడా ఆ వంశమే. టన్‌లో సగాన్ని 'పైప్' అనేవారు. పోర్చుగీసులో అది 'పీపా'. వాళ్ల ఓడలతో పాటు ఆ మాట మన తీరానికొచ్చి తెలుగులోనూ పీపాగానే స్థిరపడింది.

టన్‌లో ఆరో వంతు 'టియర్స్', అంటే 42 గ్యాలన్లు. ఈ పేరు ఎవరికీ గుర్తులేదు గానీ ఆ అంకె రోజూ వార్తల్లో ఉంటుంది. 1859లో పెన్సిల్వేనియాలో డ్రేక్ బావిలో చమురు పడినప్పుడు దాన్ని నింపడానికి సరైన పాత్రలు లేవు. విస్కీ పీపాలు, చేపల పీపాలు, ఏది దొరికితే అది. 1866లో చమురు వ్యాపారులు ఒక మాట మీదికి వచ్చారు. 40 గ్యాలన్లకు లెక్కకట్టి, దారిలో కారిపోయేదానికి కొనేవాడి పక్షాన ఇంకో 2 గ్యాలన్లు కొసరు వేద్దామని. క్రూడాయిల్ బారెల్ ఇప్పటికీ ఆ 42 గ్యాలన్లే, సుమారు 159 లీటర్లు. చమురు పైపుల్లో, ట్యాంకర్లలో ప్రయాణిస్తోంది, బారెల్‌ను కళ్లతో చూసినవాడు లేడు. అయినా ఆ కొసరుతో సహా లెక్క నడుస్తోంది.

అలా కనుమరుగైపోకుండా నిజంగా దొర్లుతున్న పీపా కావాలంటే మళ్లీ ఫర్కిన్ దగ్గరికే రావాలి. బ్రిటన్ పబ్‌లలో కాస్క్ ఏల్ అనే ఒక రకం ఉంది. మామూలు బీరులా వడపోసి, గ్యాస్ కొట్టి పంపరు. ఈస్ట్ ఇంకా బతికుండగానే పీపాలో నింపుతారు, అది పబ్ సెల్లార్‌లో కూడా పులుస్తూనే ఉంటుంది. 1970ల మొదట్లో ఇది దాదాపు అంతరించిపోయే దశకు వచ్చింది. 1971లో మొదలైన కామ్రా అనే తాగేవాళ్ల ఉద్యమం దాన్ని నిలబెట్టింది. ఈ ఏల్ ఎక్కువగా సరఫరా అయ్యేది 9 గ్యాలన్ల ఫర్కిన్లలోనే. చెక్కవి అరుదు, ఇప్పుడన్నీ స్టీలు, ప్లాస్టిక్.

దీన్ని తెరవడం ఒక చిన్నపాటి ఆపరేషన్. పీపాను అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా చీలికలు పెట్టి, అడుగున మడ్డి పేరుకునే దాకా ముట్టుకోరు. పొట్ట మీది బిరడాలో సన్నటి మెత్తని కర్రపుల్ల గుచ్చితే, దాని రంధ్రాల్లోంచి ఎక్కువైన గ్యాస్ బుసబుసమంటూ పోతుంది. ఆ జోరు తగ్గాక మెత్తటి పుల్ల తీసి గట్టి పుల్ల కొడతారు. ముఖం వైపున్న రెండో బిరడాలోకి చెక్క సుత్తితో కుళాయి దిగ్గొడతారు. దెబ్బ గట్టిగా, సూటిగా పడాలి. తటపటాయించి కొట్టినవాడికి స్నానమే. సెల్లార్‌లో పన్నెండు డిగ్రీల చలి ఉంటే బాగు.

కుళాయి తిప్పిన దగ్గర్నుంచి లోపలికి గాలి చొరబడుతుంది, ఇక బీరుకు మహా అయితే మూణ్నాలుగు రోజుల ఆయుష్షు. ఫర్కిన్ బతకడానికి అసలు కారణం ఇదేనని నా లెక్క. పింట్ అంటే గ్యాలన్‌లో ఎనిమిదో వంతు, 36 గ్యాలన్ల నిండు బారెల్‌లో 288 పింట్లు ఉంటాయి. ఊరి చివరి చిన్న పబ్‌లో మూడు రోజుల్లో అన్ని అమ్ముడుపోవు, మిగిలింది పులిసి పారబోయడమే. ఫర్కిన్‌లో 72 పింట్లే, అవి ఖర్చయిపోతాయి. మోతకూ అనువే. ఫర్కిన్ నిండుగా ఉంటే స్టీలుతో కలిపి యాభై కిలోలు దాటుతుంది, ఇద్దరు పట్టుకుంటే దిగుతుంది. బారెల్ అయితే లోపలి బీరే 160 కిలోల పైన. పాత కొలతలు చాలా లీటర్ల ముందు ఓడిపోయినా ఇది నిలిచిందంటే సంప్రదాయం మీది మమకారంతో కాదు.

ఇంకో చిన్న కారణం కూడా ఉంది, కొంచెం అల్లరిది. ఫర్కిన్ అన్న మాట ఇంగ్లిషులో బాగా వాడుకలో ఉన్న ఒక బూతుమాటకు చెవికి చాలా దగ్గర. 1979లో డేవిడ్ బ్రూస్ అనే ఆయన లండన్‌లో తన పబ్‌లోనే బీరు కాస్తూ దానికి గూస్ అండ్ ఫర్కిన్ అని పేరు పెట్టాడు. తర్వాత తెరిచిన పబ్‌లకూ జంతువు పేరో ఇంకోటో పెట్టి చివర ఫర్కిన్ తగిలించాడు. టీషర్టుల మీద ఏ రకం చమత్కారాలు రాశారో ఊహించుకోవచ్చు. ఆ పబ్‌ల వరస తర్వాత చేతులు మారి కనుమరుగైంది గానీ, పీపా ముఖం చూడని తరానికి కూడా ఆ మాట తెలిసింది ఆ జోకుల వల్లే. అమెరికాలో చిన్న బీరు కంపెనీలు కాస్క్ ఏల్ తెరిచే రోజున 'ఫర్కిన్ ఫ్రైడే' అని బోర్డులు పెట్టేదీ ఆ ధ్వని కోసమే. అక్కడ లోపలికి వెళ్లి చూస్తే ఉండేది బ్రిటిష్ ఫర్కినే, అమెరికా గ్యాలన్లలో 10.8. అమెరికా బీరు బారెల్‌లో పావు కాదు, అది ఏడు ముప్పావు గ్యాలన్లే అవుతుంది.

ఇంజనీర్లకూ ఈ పేరు నచ్చింది. మీటరు, కిలో, సెకనుకు పోటీగా ఫర్లాంగు, ఫర్కిన్, ఫోర్ట్‌నైట్ (అంటే రెండు వారాలు) అని ఒక ఉత్తుత్తి కొలతల పద్ధతి కట్టారు. అందులో ఫర్కిన్ అంటే 90 పౌండ్ల బరువు, ఒక ఫర్కిన్‌లో పట్టే నీళ్ల బరువన్నమాట. ఈ లెక్కలో కాంతి వేగం రెండు వారాలకు దాదాపు 1.8 లక్షల కోట్ల ఫర్లాంగులు. ఇదంతా నవ్వులాటే అనుకుంటే, వీఎంఎస్ అనే పాత కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక సెట్టింగును నిజంగానే మైక్రో-ఫోర్ట్‌నైట్లలో ఇచ్చారు. రెండు వారాల్లో పది లక్షో వంతు అది, దాదాపు 1.2 సెకన్లు.

అనువాదం చేసేవాళ్లకు ఈ మాట ఎదురైతే ఏం రాయాలి? కానా పెళ్లిలో గ్రీకు మూలం చెప్పేది మెత్రెతెస్ అనే కొలత, ఒక్కొక్కటి సుమారు 39 లీటర్లు. బీరు ఫర్కిన్ 41 లీటర్లకు దగ్గర. 1611 నాటి అనువాదకులు చేతిలో ఉన్న దేశీ కొలతల్లో అతి దగ్గరదాన్ని పట్టుకున్నారన్నమాట. లెక్క వేస్తే ఆరు బానల్లో కలిపి సుమారు 470 నుంచి 700 లీటర్లు. మన అనువాదకులు తూము అన్నారు. తూము ఊరికో రకంగా ఉండేది కాబట్టి లీటర్ల లెక్క దానితో తేలదు గానీ, ఒక్కో బాన మనిషి ఎత్తలేనంత పెద్దదన్న సంగతి చదివినవాడికి అందుతుంది. కథలో కావాల్సింది అదే కాబట్టి నాకది మంచి ఎంపికే అనిపిస్తుంది. ఐరిష్ రైతు కథలో 'మూడు ఫర్కిన్లు అమ్మాడు' అని వస్తే మాత్రం తూము అనకూడదు, గ్యాలన్లు అసలే అనకూడదు. అవి వెన్న పీపాలు, ఒక్కోటి పాతిక కిలోలు. అదే లండన్ పబ్ అయితే ఫర్కిన్ అని అలాగే ఉంచేసి, ఒకసారి 41 లీటర్లని చెబితే చాలు.

అమెరికా తూర్పుతీరం పాత ఇళ్ల సామాన్లలో ఫర్కిన్ కనిపిస్తే ఈ లెక్కలేవీ పనిచేయవు. అక్కడ పాత వస్తువులు అమ్మేవాళ్లు ఫర్కిన్ అనేది మూతా, పైన చెక్క పిడీ ఉండి, అడుగు వెడల్పుగా పైకి సన్నబడే చెక్క బకెట్‌ను. వంటింట్లో పంచదారో పిండో పోసుకునేవారు. మసాచుసెట్స్‌లోని హింగమ్‌లో ఇలాంటివి ఎన్ని చేసేవారంటే ఆ ఊరికి బకెట్ టౌన్ అని పేరు పడింది. చిన్నవీ పెద్దవీ ఒకదానిమీద ఒకటి దొంతరగా పేర్చుకునేలా రకరకాల సైజుల్లో వచ్చేవి. అమ్మేవాళ్లు వాటి ఎత్తు ఎన్ని అంగుళాలో, పైన వేసిన రంగు అసలుదా కాదా అని రాస్తారు. ఎంత పడుతుందో రాయరు, కొనేవాళ్లూ అడగరు.